స్టోరీల మేడమ్

ఆ ఉదయం హైమవతిగారు అనుకున్న పని చాలా చిన్నది. అమీర్‌పేటలో కొత్తగా పెట్టిన పిల్లల గ్రంథాలయానికి వెళ్ళాలి, మెట్రో రైలెక్కాలని ముచ్చటపడ్డ గేదె కథ చదవాలి, భోజనం వేళకి పంజాగుట్టలో ఇంటికి వచ్చెయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల కోసం రాస్తున్న మనిషికి ఇదేం పెద్ద పని కాదు. బీరువా పట్టనన్ని అవార్డులున్నాయి. కానీ ఈమధ్య ఏ సభకి వెళ్ళినా, చిన్నప్పుడు మీ కథలే చదివామంటూ బట్టతలవాళ్ళు వచ్చి దండం పెడుతున్నారు. పిల్లలు మాత్రం ఫోన్లోంచి తల ఎత్తడం లేదు.

"ఇవాళ ఒక్క పిల్లయినా నవ్వకపోతే రాయడం మానేస్తానండీ," అన్నారావిడ చెప్పులేసుకుంటూ.

"మానేసి ఏం చేస్తావ్?" అన్నారు భర్త చలపతిరావుగారు, పేపరు దించకుండా.

"మీకు వంట నేర్పుతాను."

ఆయన పేపరు దించారు. "నవ్వుతార్లే. బాగా చదువు."

మైత్రీవనం దగ్గర ఆటో దిగి సందులోకి తిరిగితే అన్నీ ఒకేలాంటి మెట్లు, ఒకేలాంటి బోర్డులు. ఎటు ఎక్కాలో తోచక నిలబడ్డ ఆవిడ దగ్గరికి, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకున్న ఓ యువకుడు పరుగున వచ్చాడు. పేరు సాయికిరణ్. అక్కడి ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్‌కి మేనేజరు. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

"స్టోరీల గురించి చెప్పనీకి వచ్చింది మీరేనా మేడమ్?"

"నేనేనయ్యా."

"జర జల్ది రాండ్రి. పిల్లలు ఎప్పటిసంది కూసున్నరు."

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, వాడేవాళ్ళకి ఏం కావాలో చిన్నచిన్న ముక్కలుగా రాసుకుంటారు. ఒక్కో ముక్కని యూజర్ స్టోరీ అంటారు. దాని మీద ఆ రోజు ఉచిత డెమో క్లాసు. చెప్పడానికి ఎవరొస్తారో ఓనరు సాయికిరణ్‌కి చెప్పలేదు.

గదిలో సగం మందికి గడ్డాలున్నాయి.

"పిల్లలేరీ?" అన్నారు హైమవతిగారు.

"గీళ్ళే మేడమ్. అందరు మా పిల్లలే."

బట్టతలలకి అలవాటుపడ్డ ఆవిడకి గడ్డాలు అంత వింతనిపించలేదు.

"మేడమ్, స్టోరీ ఎంత పెద్దగుండాలె?" అని అడిగాడు ఒకతను.

"ఒక్కసారి కూర్చుంటే అయిపోవాలి. అది ఎవరికోసమో, వాళ్ళకేం కావాలో ముందు నీకు తెలియాలి."

అందరూ రాసుకున్నారు. ఇంత సూటిగా చెప్పే ఫ్యాకల్టీని సాయికిరణ్ తన సర్వీసులో చూడలేదు. "ఒక ఎగ్జాంపుల్ చెప్పుండ్రి," అని తనే అడిగాడు.

ఆవిడ సంచిలోంచి గేదె కథ తీశారు. గేదె టికెట్ గేటులో ఇరుక్కోగానే ముందు వరస నవ్వింది. సెక్యూరిటీ గార్డు కొమ్ములు ఊడదీసి స్కానర్‌లో పెట్టమనేసరికి గదంతా నవ్వింది. పక్క క్లాసులవాళ్ళు వచ్చి గుమ్మంలో మూగారు. వాళ్ళని లాక్కెళ్ళడానికి వచ్చిన పక్క ఇన్‌స్టిట్యూట్ ఆయన, గేదె సంగతి తేలేదాకా గోడకానుకుని నిలబడ్డాడు.

"మేడమ్, బర్రె గేట్ల ఇరికింది గదా. మరి బగ్ యాడుంది?" అంది ఒకమ్మాయి, సాఫ్ట్‌వేర్‌లో దొర్లే తప్పుని ఉద్దేశించి.

"పురుగా? పురుగు లేదమ్మా. గేదె ఒక్కటే."

నవ్వులకి ఫాల్స్ సీలింగ్ అదిరింది. సాయికిరణ్ ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "పైథాన్ సుత చెప్తరా మేడమ్?"

"కొండచిలువ మీద ఎప్పుడో రాశాను. పిల్లలు బాగా ఇష్టపడ్డారు."

అతను వెంటనే మైకు అందుకున్నాడు. "సోమవారం నుంచి మేడమే బ్యాచ్ తీసుకుంటరు. పైథాన్ కోడింగ్ సుత మేడమే."

"జాబ్ గ్యారంటీయేనా మేడమ్?" అన్నాడు వెనకనుంచి ఒకతను.

అప్పుడు ఆవిడ గోడమీది కోచింగ్ సెంటర్ బోర్డు చదివారు. మనసు చివుక్కుమంది. నవ్వింది పిల్లలు కాదు, ఉద్యోగాలు వెతుక్కుంటున్న ఇంజనీర్లు. సంచిలో ఫోను మోగింది. గ్రంథాలయం నడిపే సెరీనా.

"మేడమ్, కంగారు పడకండి. మీరు పంపిన సార్ చాలా బాగా చెబుతున్నారు."

"నేనెవర్నీ పంపలేదమ్మా," అన్నారు హైమవతిగారు.

పక్క మెట్లెక్కి చూస్తే, టై వదులు చేసుకుని బోర్డు ముందు నిలబడి ఉన్నాడు కేదార్. కోచింగ్ సెంటర్‌కి రావాల్సిన ఫ్యాకల్టీ అతనే, మెట్లు తప్పి ఇటు ఎక్కాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు మరీ చిన్నవాళ్ళనిపించింది గానీ, ఓనరు ఫోన్‌లో "పిల్లలు కొంచెం బేసిక్ లెవెల్" అని ముందే చెప్పాడు కదా అని సర్దుకున్నాడు. అతనికి వచ్చిన విద్య ఒక్కటే, ఏం కావాలని యూజర్‌ని అడగడం. అడిగాడు. పిల్లలు చెప్పారు. బోర్డంతా నిండిపోయింది. దయ్యం బడికి రావాలి. లెక్కల సార్ ఓడిపోవాలి. అన్నిటికన్నా పైన, కింద గీతలు కొట్టి మరీ, నీతి వద్దు.

హైమవతిగారు ఆ బోర్డుని పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివారు. ఎలాంటి కథలు కావాలో ఇన్నేళ్ళూ కమిటీలు చెప్పాయి, ప్రచురణకర్తలు చెప్పారు. పిల్లల్ని అడగాలని ఆవిడకే తోచలేదు.

"ఆంటీ, మీ కథ లాస్ట్‌ల నీతి ఉంటదా?" అంది ముందు కూర్చున్న పాప అనుమానంగా.

"ఉండేది," అని చివరి పేజీ మడిచి సంచిలో పెట్టేసుకుని, ఆవిడ నేలమీద వాళ్ళ మధ్య కూర్చున్నారు.

గేదె గేటులో ఇరుక్కోగానే ఆ పాప నవ్వుతూ పక్కవాడి మీద పడింది. వాడు ఇంకొకడి మీద పడ్డాడు. హైమవతిగారి గొంతు వణికింది. అది గేదె గొంతనుకుని పిల్లలు మళ్ళీ నవ్వారు.

చివరి పేజీ లేకుండానే ఆ కథ పుస్తకంగా వచ్చింది. అందులోని నీతి చాలా లోతైనదని సమీక్షకులు రాశారు.