చెరువున్న కేకుకి నిరభ్యంతర పత్రం

నాగరికత అన్నాక ప్రతి చెరువుకీ ఒక ఫైలు ఉండి తీరాలి. చెరువు లేకపోయినా సమాజం ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, ఫైలు లేకపోతే ఒక్క పూట కూడా గడవదు. మా ఊరి భూపటాల కార్యాలయం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది. (దాని పార్కింగ్ స్థలం చెరువు మీద నిలబడి ఉంది. ఆ సంగతి తరవాత.)

ఆ కార్యాలయంలో ముప్ఫై మూడేళ్ళు పటాలు గీసిన మా వదిన, అంటే మాతోనే ఉంటున్న మా ఆయన అక్కగారు, గురువారం సాయంత్రం ఐదు గంటలకి రిటైరు కావలసి ఉంది. ఏం కావాలని అడిగాం. మా ఆయన చేతిగడియారం అన్నారు. ఇన్నాళ్ళూ గడియారం చూసింది చాలదా అంది. ప్రయాణాలు అంటే మోకాళ్ళు చూపించింది. చివరికి నా వైపు తిరిగి, ఒక కేకు చెయ్యి చాలు, ఆఫీసులో అందరి ముందూ కోస్తాను, దాని మీద మా ఆఫీసు వెనక చెరువుండాలి అంది.

"అక్కడ చెరువెక్కడుంది వదినా? కార్లు కదా ఉండేది."

"నేను చేరినప్పుడుంది. ఒడ్డున ఒక బెంచీ ఉండేది. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా అక్కడే విప్పేదాన్ని. మూడు బాతులొచ్చి నా వంకే చూస్తూ కూర్చునేవి, వాటి కూడు నేనేదో లాక్కున్నట్టు."

అని కాగితం తీసి, ఎక్కడా చెరపకుండా, ఒక్క ఊపులో చెరువు గీసి ఇచ్చింది. జీడిపప్పు ఆకారంలో ఉంది. పక్కన బెంచీ, వెనక పదకొండు చెట్లు. పన్నెండెందుకు కాదంటే, పన్నెండోది అప్పటికే ఎండిపోయిందట.

మంగళవారం రెండు పెద్ద పళ్ళేల్లో కేకు కాల్చాను. బుధవారం పొద్దున ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో గుంట తవ్వి, నీలంరంగు జెల్లీ పోశాను. బిస్కట్లు నలిపి ఒడ్డుమట్టి చేశాను. ఐస్‌క్రీమ్ కోన్లు బోర్లించి వాటికి ఆకుపచ్చ క్రీము పట్టిస్తే చెట్లయ్యాయి. బెంచీకి వేఫర్లు, బాతులకి చక్కెర ముద్ద. మూడో బాతు తల ఎన్నిసార్లు అతికించినా నిలవలేదు. వంటింట్లో నిలబడి చూసుకుంటే, నా చేత్తో చేసిన చెరువు ఒడ్డున నాకే కాసేపు కూర్చోవాలనిపించింది.

అయితే కార్యాలయంలోకి బయటి తినుబండారం తేవాలంటే ముందురోజు మధ్యాహ్నంలోగా వాళ్ళ యాప్‌లో నమోదు చెయ్యాలి. కేకు అనగానే మూడు గడులొచ్చాయి: సాదాది, రాతలున్నది, బొమ్మ ఉన్నది. బొమ్మ అన్నాను. ఏ బొమ్మ? మనిషి, పువ్వు, భూమి. పువ్వు అని నొక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నిజాయితీగా భూమి అని నొక్కాను. అక్కడ మునిగింది కొంప.

భూమి అనగానే నా దరఖాస్తు ఫలహారాల విభాగం దాటి, తనంతట తనే భూవినియోగ విభాగానికి వెళ్ళిపోయింది. కొత్త ప్రశ్నలొచ్చాయి. ఈ భూమి ఎక్కడిది? కార్యాలయం వెనక, అని రాశాను. ఉత్తరం ఎటు? కేకుని రెండుసార్లు తిప్పి చూసి, ఫ్రిజ్ వైపు, అని రాశాను. భూమి ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉంది? నా స్వాధీనంలోనే. భూమి మీద చీమలు గాని ఇతర ఆక్రమణదారులు గాని ఉన్నారా? (చీమలు అన్న మాట నేను కలిపాను. మిగతాది వాళ్ళదే.)

మధ్యాహ్నానికి సర్వేయరు మా వంటింట్లో ఉన్నాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు. టేపుతో చెరువు పొడవు పద్నాలుగు అంగుళాలని, నా చెంచాతో లోతు ఒకటిన్నర అంగుళం అని తేల్చాడు. బాతుల దగ్గర కొంచెం తటపటాయించి, రెండు పూర్తి, ఒకటి పాక్షికం, అని రాసుకున్నాడు. బెంచీ నీటి అంచుకి మరీ దగ్గరగా ఉంది, చెరువుగట్టు మీద కట్టడాలు నిషిద్ధం కదమ్మా అని బాధపడ్డాడు. చెట్లు దేనితో చేశారని అడిగాడు. చెప్పాను. అలాగా అని ఒకటి రుచి చూశాడు. నివేదికలో ఇలా ఉంది: "చెట్లు పది. పదకొండవది ఉండిన ఆనవాలు కలదు. పోవుటకు కారణం తెలియరాలేదు."

సాయంత్రం ఆక్షేపణల అధికారి ఫోన్ చేశాడు. ఏ కార్యాలయానికైనా ఒకాయన ఉంటాడు, వద్దని చెప్పడమే ఉద్యోగం. ఈయన వద్దని చెప్పడు, ఎంతో ఆప్యాయంగా అవసరమా అని అడుగుతాడు. మా పటంలో ఆ స్థలంలో చెరువు లేదు, పార్కింగ్ ఉంది, పటానికి విరుద్ధమైన భూమిని గేటు లోపలికి ఎలా రానిస్తామమ్మా అన్నాడు. ఇది కేకండీ అన్నాను. కేకు కాదని నేనన్నానా అన్నాడు. కావాలంటే అప్పీలు చేసుకోవచ్చు, తొంభై రోజుల్లో తేలుస్తామన్నాడు. (కేకు మూడు రోజులుంటుంది, ఫ్రిజ్‌లో పెడితే ఐదు.) లేదా పటంలో ఉన్నట్టు కేకుని సరిదిద్ది తెచ్చుకోవచ్చు. పటం నకలు పంపాడు.

నకలు చూశాను. చెరువుండాల్సిన చోట జీడిపప్పు ఆకారం తాలూకు జాడ కూడా లేదు. నున్నటి బూడిదరంగు, దాని మీద తెల్లగీతలు. కింద కుడిమూల, గీసినవారు, అన్నచోట పొట్టి సంతకం ఉంది. పందొమ్మిదేళ్ళ కిందటి తేదీ. ఆ సంతకం నాకు తెలుసు. మా ఇంట్లో పాలవాడి చీటీ మీద కూడా అదే ఉంటుంది.

వదిన గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"రంగు బాగా వేశాను కదూ," అంది. "పైనుంచి చెప్పారు, అక్కడ బూడిదరంగు వెయ్యమని. లారీలు రావడానికి రెండు నెలల ముందే వేసేశాను. పటంలో చెరువు లేదు కాబట్టి పూడ్చడానికి అనుమతి అక్కర్లేదన్నారు."

"మరి బాతులు?"

"వాటి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. "వెళ్ళిపోయే ముందు ఒక్కసారి ఎక్కడిదక్కడ పెట్టి చూద్దామనిపించింది. కేకు మీదైతే ఎవరేమంటారులే అనుకున్నాను. పోనీలేవే, పార్కింగే చెయ్యి. రేపు గేటు దగ్గర నీకు మాటలు పడతాయి."

గురువారం పొద్దున చక్కెర పూతలో కాస్త నల్లరంగు కలిపి, జెల్లీ మీద పల్చగా పరిచి, పైన తెల్లగీతలు గీశాను. పావుగంటలో చెరువు పూడ్చేశాను. (ఇందులో ఇంత సులువుందని చేస్తేగానీ తెలియదు.) బెంచీ తీసి నోట్లో వేసుకున్నాను. బాతుల్ని మాత్రం తియ్యబుద్ధి కాలేదు, గీతల మధ్యలో నిలబెట్టాను. గేటు దగ్గర ఆక్షేపణల అధికారి వాటిని అటూ ఇటూ చూసి, అడ్డదిడ్డంగా లేవు కాబట్టి ఆపి ఉంచిన వాహనాల కింద రాసుకుని లోపలికి వదిలాడు. తల లేని బాతుని మరమ్మతులో ఉన్న వాహనం అని రాశాడు. నిజానికి చెడ్డవాడు కాదు.

నాలుగుంపావుకి సభ మొదలైంది. ముప్ఫై మూడేళ్ళలో ఈవిడ ఒక్క ఆదేశాన్ని కూడా ప్రశ్నించలేదని ఆక్షేపణల అధికారి మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన నేల చూపులు చూసింది. తరవాత కత్తి ఇచ్చారు. అప్పటికి నాలుగూ నలభై.

హాల్లో ఉక్కగా ఉంది. పొద్దుట్నించీ బల్ల మీదున్న జెల్లీ లోపల మెత్తబడిపోయినట్టుంది. వదిన కత్తి దించగానే బూడిదరంగు రెండుగా పగిలి, మధ్యలోంచి నీలం పైకి ఉబికింది. మెల్లిగా తెల్లగీతల మీదికి పాకి, బాతుల కాళ్ళ దాకా వచ్చి ఆగింది. వదిన వంగి, అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

ఆక్షేపణల అధికారి పళ్ళేలు పంచొద్దన్నాడు. పార్కింగ్‌గా అనుమతి పొందిన స్థలంలో నీరు కనబడితే, అక్కడ నీరు లేదని కార్యాలయపు పటకర్త ధ్రువీకరించాలని నియమం. కార్యాలయంలో పటకర్త ఒక్కరే. ఐదింటి దాకా మా వదిన. ఐదు తరవాత ఎవరూ లేరు, ఆ పోస్టు రద్దయింది. ఆయన చకచకా కాగితం తయారు చేయించి, కలం మూత తీసి మరీ అందించాడు.

"నీరు లేదు అని ఒక్క సంతకం పెట్టెయ్యండమ్మా. పెట్టేసి హాయిగా కేకు తిందాం."

వదిన కలం తీసుకుంది. నాకు పాలవాడి చీటీ గుర్తొచ్చింది. ఆవిడ కలాన్ని కాగితం పక్కన పెట్టి, నా దగ్గరున్న చెంచా అడిగి తీసుకుంది. కుర్చీ లాక్కుని కేకు ముందు కూర్చుంది. నీలం జెల్లీ చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంది. తరవాత ఇంకో చెంచా. ఏ తొందరా లేదు. ఇన్నేళ్ళలో పని గంటల్లో ఆవిడ అలా కూర్చోవడం ఎవరూ చూడలేదని తరవాత చెప్పారు. ఆక్షేపణల అధికారి, నాలుగూ యాభై ఎనిమిది అన్నాడు. కూర్చోండి, కాళ్ళు నొప్పెడతాయి అంది. ఆయన కూర్చోలేదు. ఇంకో చెంచా తింది. ఒక బాతుని తీసి, కొంగులో దాచుకుంది.

గోడ గడియారం ఐదు కొట్టింది. మూతి తుడుచుకుని లేచింది.

"ఐదయింది బాబూ. ఇప్పుడు నేను సంతకం పెడితే చెల్లదు," అంది. "నియమం మీకు తెలియందా?"

ఆయనకి తెలుసు. అదే ఆయన ఇబ్బంది.

నీరు లేదన్న ధ్రువపత్రం లేనప్పుడు నీరున్నట్టే భావించాలి. కేకు ఆ రాత్రికే అయిపోయింది గానీ, తినేశారు, అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. అంచేత కార్యాలయం వెనక పద్నాలుగంగుళాల పొడవూ, ఒకటిన్నర అంగుళం లోతూ, పది చెట్లూ గల చెరువు పందొమ్మిదేళ్ళ తరవాత మళ్ళీ పటంలోకి ఎక్కింది. వదినకి చెబితే, పదకొండు కదా చెట్లు అంది.

దాని సంరక్షణకి ఈ మధ్యే ప్రత్యేకంగా ఒక అధికారిని వేశారు. మొదటిరోజు ఆయన కారు ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, చెరువులో పెట్టుకోమన్నారు.