పెద్ద గుమాస్తాగారి బిగిసిన భుజం

"మగాడన్నవాడు కళ్ళు తెరుచుకునే ఉండి వైద్యం చేయించుకోవాలి!"

ఈ మహత్తర ప్రకటన చేసింది రికార్డు గది పెద్ద గుమాస్తాగారు. కుడి భుజం బిగుసుకుపోయిందని ఏడాదిగా ఆయన బీరువా పై అరలోని ఫైలు ముట్టుకోలేదు. అక్కడి అర్జీలన్నీ శాశ్వత విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఇక ఇంట్లో నీళ్ళ డబ్బా ఎత్తడం, అటక మీది సామాను దించడం, తడిబట్టలు ఆరెయ్యడం అన్నీ భార్య వంతే. పాపం, ఆవిడే భయపడి ఆయన్ని ఆస్పత్రికి లాక్కొచ్చింది.

డాక్టరమ్మ చెయ్యి పట్టుకుందో లేదో, ఆయన "అమ్మో!" అని వార్డంతా వినబడేలా అరిచాడు.

"మత్తిచ్చి, బిగిసిన కీలుని మెల్లగా వంచి సడలిస్తామండీ. పూర్తిగా నిద్రపుచ్చమంటారా, మెడ పక్కన సూది వేసి చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చెయ్యమంటారా?"

పెద్ద గుమాస్తాగారు లోలోపల లెక్కలు వేసుకున్నాడు. నిద్రపోతే చెయ్యి ఎటు పోతుందో ఎవడు చూడొచ్చాడు? మెలకువగా ఉంటే బిగపట్టుకోవచ్చు!

"చెయ్యి ఒక్కటే!" అన్నాడు గంభీరంగా. పై ప్రకటన పుట్టింది అప్పుడే.

సూది పడింది. కాసేపటికి చెయ్యి ఆయన మాట వినడం మానేసింది. బలమంతా కూడదీసుకుని బిగపట్టబోయాడు. పళ్ళు మాత్రం బిగిశాయి. డాక్టరమ్మ ఎత్తగానే చెయ్యి ఏ అభ్యంతరమూ లేకుండా చెవి పక్కకి వెళ్ళి నిలబడింది!

"ఇదేమిటండీ! నిజంగా బిగిసిన భుజమైతే మత్తులో కూడా మొరాయిస్తుంది. మీది నిక్షేపంలా ఉంది!"

"అంతా మీ చేతివాసి!" అన్నాడాయన.

డాక్టరమ్మ నవ్వాపుకుని, బయట కూర్చున్న ఆయన భార్యను లోపలికి పిలిచింది. సంచి చెయ్యి మార్చుకుంటూ ఆవిడ మొహం చిట్లించడం డాక్టరమ్మ కంట పడింది.

"ఏదమ్మా, మీ కుడి చెయ్యి ఎత్తండి."

ఆవిడ ఎత్తింది. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

"నాదింతేనండీ, చాన్నాళ్ళుగా. ఇంట్లో ఇద్దరం మూలుగుతూ కూర్చుంటే ఎలాగని చెప్పలేదు."

పెద్ద గుమాస్తాగారికి నిజంగా సిగ్గేసింది. వేలాడుతున్న ఆయన చేతిని ఆవిడ తన ఎడమచేత్తో, మెడకి తగిలించిన గుడ్డపట్టీలోకి సర్దింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు. "అసలెప్పుడూ లేదు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయితే ఆ రెండో చేత్తో సంచి పట్టుకుని బయట కూర్చోండి. నేను భుజం చూపించుకుని వస్తాను."