రోడ్డుకు అడ్డంగా కణత్వచం

మద్దేడ్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో రాధ టీచరు ఆ ఉదయం వేసుకున్న పథకం తేలికైనదే. కణం చుట్టూ ఉండే పలుచని పొర అన్నింటినీ లోపలికి రానివ్వదు, ఏరి ఏరి పంపుతుంది. దాన్ని పిల్లల చేత ఆడించి చూపాలి. బీజాపూర్ నుంచి తనిఖీకి వచ్చే విద్యాశాఖ ఆఫీసరు ఉమామహేష్ సారు మెచ్చుకుంటే బడికి మైక్రోస్కోపు వస్తుంది. కణాన్ని బోర్డు మీద గీయడమే తప్ప పిల్లలకు చూపించలేకపోయానని ఆమెకు ఎన్నాళ్లుగానో దిగులు.

బడి ముందు మట్టిరోడ్డుకు అడ్డంగా తాడు పట్టించి, ఎనిమిదో తరగతిని దాని వెంట నిలబెట్టింది. తాడే పొర, బడి వైపు కణం. నీళ్లు వస్తే తాడు వంచాలి. తీపి వస్తే నడుమ నిలబడ్డ హిడ్మే తాడెత్తాలి. ఆ పొరకు తలుపు ఆ పిల్లే. ఇంకేది వచ్చినా ఆపాలి.

"ఎవ్వరొచ్చినా సరే, రూల్ రూలే," అని గట్టిగా చెప్పి, సారుకు చాయ్ పెట్టించడానికి లోపలికి వెళ్లింది.

ఆమె మరిచిందల్లా అవి విత్తనాల పండుగ రోజులని. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా పట్టిన తాడు కనబడితే బండి ఆపి, చేతికందింది ఇచ్చి పోవడం అక్కడి ఆనవాయితీ. సంత నుంచి వస్తున్న కాశయ్య జీపు ఆపి, పండుగ తాడే అనుకుని బెల్లం దిమ్మ ఇచ్చాడు.

"బెల్లం లోపటికి. నువ్వు ఆడనే ఉండు మామా," అంది హిడ్మే.

"ఇచ్చినంక గూడ ఆపుడేంది?"

"నువ్వు తియ్యగ లేవు గద!"

జీపు వెనక ట్రాక్టరు, ట్రాక్టరు వెనక బస్సు ఆగాయి. తమకు చెప్పకుండానే పండుగ మొదలుపెట్టారని ఊరి ఆడవాళ్లు డోలుతో వచ్చి ఆట అందుకున్నారు. చాయ్ గ్లాసుతో బయటికొచ్చిన రాధ, ఆగిన బండ్లలో సారు ఎక్కడున్నాడా అని వెతికింది.

బచేలి గనుల టౌన్‌షిప్‌లో పెరిగి ఈ పండుగ తాడు సంగతే తెలియని ఉమామహేష్ సారు బస్సు దిగి, గుంపును తోసుకుంటూ తాడు దగ్గరికి వచ్చాడు.

"తప్పుకోండమ్మా, నేను ఆఫీసర్ని."

"ఆఫీసర్లకు తలుపు లేదు సార్," అంది హిడ్మే.

అంతలో వంటమనిషి మంగ్లీ నీళ్లబిందెతో వచ్చింది. తాడు వంగింది, బిందె లోపలికి పోయింది, మంగ్లీ బయటే మిగిలింది. అది చూసి సారు కోపం మరిచిపోయాడు. తాళాలు ఇచ్చి చూశాడు, ఆపేశారు. పెన్ను ఇచ్చాడు, ఆపేశారు. జేబులో దొరికిన దగ్గుబిళ్ల ఇస్తే హిడ్మే వాసన చూసి తాడెత్తింది.

"ఓహో! ఇది కణత్వచం కదూ!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

రాధ ఊపిరి పీల్చుకుంది. తీరా ఆ మెప్పే కొంప ముంచింది.

"భలే చేశారు టీచర్‌గారూ! తాడుతోనే ఇంత చక్కగా నేర్పుతుంటే మీకింక మైక్రోస్కోపు దేనికండీ? వేరే బడికి ఇచ్చేద్దాం."

రాధకు ఏడుపొక్కటే తక్కువ. హిడ్మేకు మాత్రం ఇంకో అనుమానం వచ్చింది.

"సార్, నిజం పొర గూడ మా లెక్కనే ఉంటదా? మేమెవ్వరం కణాన్ని సూడలే. మీరు సూసిన్రా?"

కామర్స్ చదివిన సారు చేతిలోని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "లేదమ్మా," అన్నాడు, "నేనూ చూడలేదు."

వారం తిరక్కుండానే మైక్రోస్కోపు వచ్చింది, దానితోపాటు సారూ వచ్చాడు. ఉల్లిపొర పెట్టించి కన్ను ఆనించాడు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా పిల్లలెవరికీ వంతు రాలేదు.