కొండముచ్చు గారి ఒకే మందు

ఒక పెద్ద అడవిలో, వాగు మలుపు దగ్గర ఒక సర్కారు ఆసుపత్రి ఉండేది. తోకేశ్వరం అనే కొండముచ్చు దానికి సూపరింటెండెంటు. కడుపులో క్యాన్సర్ అని ఎవరొచ్చినా ఆయన దగ్గర ఒకటే కీమో మందు. తగ్గినవాళ్ల గురించి సభల్లో చెప్పుకునేవాడు. తగ్గనివాళ్లు పథ్యం సరిగ్గా చెయ్యలేదనేవాడు.

గడ్డల ముక్కలు పరీక్షించే డాక్టరు చంచలమ్మ అనే, ఒంటినిండా పొలుసులున్న అలుగు. ఒకరోజు ఆమె ఆయన గదికొచ్చి, మందు ఎంత ఎక్కించినా గుణం కనిపించని ఎలుగుబంటి సంగతి ఎత్తింది.

"దాని గడ్డలో వైరస్ ఉంది సార్. క్యాన్సర్‌ను అదుపులో పెట్టే జన్యువులు ఇలాంటి గడ్డల్లో బాగానే ఉంటాయి. కానీ వైరస్ వల్ల వాటి డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయనం అతుక్కుని నోరు మూయిస్తుంది. ఏవి మూసుకున్నాయో ముందే పరీక్షించి చూస్తే, మీ మందు ఎవరికి పట్టేదీ కొంత తెలుస్తుంది. ఆ అతుకు వదిలించే మందు ముందిచ్చి కూడా చూడొచ్చు."

తోకేశ్వరం ఆమెను పంపించేసి లెక్క వేసుకున్నాడు. మందు పట్టదని ముందే తేలిపోతే, ఇక నెపం పథ్యం మీదికి నెట్టడం ఎలా?

మర్నాడే అడవి సభకు వెళ్లాడు. జన్యువుల్ని బట్టి రోగుల్ని విడదీయడమంటే అడవిలో కులాలు పెట్టడమేనని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంత్రి నక్క చప్పట్లు కొట్టింది. నక్క కొట్టింది కదా అని అందరూ కొట్టారు. అందరికీ ఒకే మందు, ఎవరికీ పరీక్ష లేదు అని తీర్మానమైంది. చంచలమ్మను జలగకాట్ల వార్డుకు బదిలీ చేశారు.

ఎండలు ముదిరేసరికి తోకేశ్వరానికి రెండు ముద్దలు తింటే కడుపు బిగదీయడం మొదలైంది. గొట్టం వేసి చూస్తే గడ్డ. తన మందే తాను ఎక్కించుకున్నాడు. ఒంటి మీద బొచ్చంతా రాలింది, గడ్డ మాత్రం కదల్లేదు. పథ్యం సరిగ్గా చేస్తున్నారా అని నర్సు కుందేలు అడిగినప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది.

తల మీద తుండుగుడ్డ కప్పుకుని జలగకాట్ల వార్డుకు వెళ్లాడు. "డాక్టరమ్మా, నా గడ్డ ఒకసారి చూసిపెడతారా?"

చంచలమ్మ చేతిలో ఉన్న జలగను సీసాలో వేసింది. "చూస్తాను. ముందు ఎలుగుబంటిది, తర్వాత మీది."

తీర్మానం అడ్డొచ్చింది. సూపరింటెండెంటు రోగుల కిందికి రాడు కాబట్టి ఆయనొక్కడికీ పరీక్ష చెయ్యొచ్చని నక్క తేల్చింది. ఎలుగుబంటికి చెయ్యనిదే ఆయనకూ చెయ్యనని చంచలమ్మ పట్టుబట్టి కూర్చుంది. చివరికి తోకేశ్వరమే సభకు వెళ్లి, తాను పెట్టించిన తీర్మానాన్ని తానే రద్దు చేయించుకున్నాడు.

చూస్తే ఇద్దరి గడ్డల్లోనూ అదే వైరస్, జన్యువుల మీద అవే మిథైల్ మూతలు. మూతలు వదిలించే మందు ముందిచ్చి, తర్వాత కీమో ఎక్కించారు. కొండముచ్చు గడ్డ కరుగుతూ వచ్చింది. ఎలుగుబంటికి అప్పటికే ముదిరిపోయింది. తొలకరి పడకముందే పోయింది.

పరీక్షను అడవికి తెచ్చిన మహనీయుడని సభ తోకేశ్వరానికి పతకం ఇచ్చింది. అది మెళ్లో వేస్తున్నంతసేపూ ఆయన చంచలమ్మ కూర్చున్న వైపు చూడలేకపోయాడు. అలాగని పతకం వద్దనీ అనలేదు.

నీతి: రోగం రోగికొస్తే కర్మ, అధికారికొస్తే పరిశోధన.