సాగరసేనాని నేల విడిచిన విధము

బంగాళాఖాతము నురుగు చామరములు వీచుచుండ, కృష్ణపట్నపు దిక్కున ఓడలు కొండలవలె నిలిచి వీక్షించుచుండ, ఫిబ్రవరి మాసపు శనివారము మధ్యాహ్నము మూడు గంటల వేళ మైపాడు ఇసుకపై జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. సెల్‌ఫోనులు సైలెంటునందుంచి ఆలకింపుడు!

ఆనాడచ్చట కాస్‌ప్లే సమ్మేళనము. వీడియో గేముల వీరుల వేషములు దాల్చిన యువజనము రిసార్టు ముంగిట క్రిక్కిరిసియుండెను. వారి నడుమ ఫోముషీటు కవచధారిణి, పీవీసీ పైపు ఖడ్గపాణి, కోవూరు నర్సింగు విద్యార్థిని అబిగయీలు సాగరసేనాని వేషమున వెలుగుచుండెను. కవచము ఆమె మూడు నెలల ఆదివారపు సాయంత్రముల శ్రమ. వీపున వ్రేలాడు ఎనిమిది మూరల ఎర్రని ఉత్తరీయము ఆమె తల్లి, దర్జీ ఎస్తేరమ్మ కుట్టినది. పెండ్లి జాకెట్లు కుప్పలు పడియున్నను అంగడి మూసి, బిడ్డ వేదికనెక్కుట చూడ ఆ తల్లి తొలిసారి వచ్చియుండెను.

అయితే వేదికకు ముందొక గండము కలదు. గడియారము నాలుగు కొట్టులోగా నిర్వాహకులకు ఒక పోరాటపు ఫోటో ఇయ్యవలెను. అందు రెండు పాదములును నేలనంటరాదు. ముఖము స్పష్టముగా కనబడవలెను. ఫోటో లేనివారికి వేదిక లేదు.

అంతట నాలుగువందల పెండ్లిండ్లను జయించిన కెమెరాధారి తిమోతి ఇసుకపై మోకరిల్లెను.

"ఎగురుమే అబిగయీలూ! కొంచెం నవ్వు."

"యుద్ధంలో నవ్వేదేందన్నా!"

"అలవాటమ్మా, నోరు ఆగదు."

ఆమె పులికాటు రాజహంసవలె ఎగసెను. ఫోటోలో కన్నులు మూతపడియుండెను. రెండవమారు ఎగసెను, సముద్రపు గాలి ఉత్తరీయమును ముఖమున చుట్టివైచి, సేనానిని ఎర్రని మూట గావించెను. మూడవమారు ఎగసెను, ఆ దివ్యక్షణముననే మొక్కజొన్న పొత్తు కొరుకుచు ఒక పెద్దాయన ప్రశాంతగంభీరముగా కెమెరా ముందు నుండి సాగిపోయెను. నాలుగవమారు ఎగసెను, ఎండకు జిగురు కరిగి వక్షఃకవచము తటాలున రెండుగా విచ్చుకొనెను.

గడియారము మూడున్నర దాటి పది నిమిషములు చూపుచుండెను. అబిగయీలు ఇసుకలో కూలబడి, ఖడ్గమెత్తి సముద్రముతో గర్జించెను: "ఓ గాలీ! ఇంత పెద్ద సముద్రం ఉండాది గదా నీకు, తిరిగేదానికి! నా మొహమే దొరికిందా? రా, ఎదురుగా వచ్చి కొట్లాడు!"

 పిదప ఖడ్గము దించి తల్లివంక తిరిగెను. "ఇంగ వద్దులేమ్మా. ఇంటికి పోదాం."

ఎస్తేరమ్మ పర్సులోనుండి సూదిదారము తీసెను. "ఏందిమే పోయేది? ఊపిరి బిగబట్టు, పొడుచుకుంటాది."

పండ్ల నడుమ దారము త్రెంచుచు, బిడ్డ ఒంటిమీదనే కవచము కుట్టుచు ఆ తల్లి నిప్పులు చెరగెను: "గాలిదేముంది, అది ఎవరి మాటా వినదు. ఆ గుడ్డ నేను కుట్టినా. ఎట్టా ఎగరాలో దానికి నేను చెప్తా!"

తరువాత కొంగు బిగించి, ఉత్తరీయపు కొస పట్టుకొని బిడ్డ వెనుక నిలిచెను. తిమోతి నీటి అంచున బోర్లపడుకొనెను.

"నేను మూడు అంటానే గుడ్డ ఇసిరేసి, నువ్వు పక్కకు దూకాలక్కా! లేకుంటే ఫోటోలో పడతావు!"

"దూకతాలే. ముందు నువ్వు లెక్కపెట్టు!"

ఒకటి! రెండు! అల యొకటి వచ్చి తిమోతిని నడుము దాక ముంచెను. కెమెరాను మాత్రము అతడు మింటికెత్తి పట్టి, అల వెనుదిరుగగానే మరల గురిపెట్టెను. మూడు! ఎస్తేరమ్మ విసిరెను, పక్కకు దూకెను, ఇసుకపై రెండు పొర్లులు పొర్లెను. అబిగయీలు కేక వేసి ఎగసెను. కెమెరా టకటకటక మ్రోగెను.

ముగ్గురు తలలు దగ్గరజేర్చిరి. ఎండకు కెమెరా తెర కనబడకుండుటచే, ఎస్తేరమ్మ కొంగును నీడగా పట్టెను. పదునాలుగు ఫోటోలు వ్యర్థములు. పదునైదవదానియందు ఉత్తరీయము జ్వాలవలె వెనుకకు పరచుకొనియుండెను. క్రింద, ఇసుకకును బూట్లకును నడుమ, వెలుతురు.

"కళ్ళు తెరుచుకునే ఉండాయి మే!" అని తల్లి అరచెను.

మూడు గంటల యేబదియెనిమిది నిమిషములకు ఆ ఫోటో స్వీకరింపబడెను. నెల్లూరు సీమ జనులారా, చాటుడు! భూమికి జానెడెత్తున, సెకనులో వేయింట నొక వంతు కాలము, కోవూరు అబిగయీలు గాలిలో నిలిచెను!