మాడితేనే గెలుపు

సెప్టెంబరులో మొదటి ఆట ఉన్న ఆదివారం పొద్దున నార్బర్ట్ పావ్లక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పంది మాంసం ఓవెన్‌లో పెట్టాలి. ఒంటిగంటకి సోఫాలో కూర్చుని మ్యూల్స్ ఓడిపోవడం చూడాలి. నాలుగింటికి ఆ మాంసం తిని బాధ మరిచిపోవాలి. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ రోజుల్లో ఆయన ఆదివారాలు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇలాగే గడుస్తున్నాయి.

సొంత జట్టుకి మ్యూల్స్ అని కంచరగాడిదల పేరు పెట్టుకున్న ఊరు మా పోర్ట్ హాలండ్. పూర్వం మా కాలవలో పడవలు లాగింది అవేనట, ఆ కృతజ్ఞత. పేరు పెట్టిన వేళావిశేషమో ఏమో, జట్టు కూడా ముందుకి కదలమంటే మొండికేసేది. గత తొమ్మిదేళ్ళలో ఏ ఏడూ నాలుగు ఆటలకి మించి గెలిచిన పాపాన పోలేదు. అయినా నీళ్ళ శాఖలో మీటర్లు చూసుకునే నార్బర్ట్ ఒక్క ఆట కూడా వదల్లేదు. జ్వరమొచ్చినా చూశాడు, సొంత పెళ్ళి విందు మధ్యలో లేచి వెళ్ళి చూశాడు. కన్నుమూసే లోపల మ్యూల్స్ గెలిచే సీజన్ ఒకటి కళ్ళారా చూడాలన్నది ఆయన జన్మకి ఒకే ఒక్క కోరిక.

ఆ రోజు భార్య ఐరీన్ చర్చిలో పాడటానికి వెళ్ళింది. పక్కింట్లోనే ఉండే ఆవిడ తమ్ముడు డెన్నిస్ బీరు డబ్బాలు పట్టుకుని దిగాడు. ఎనభై నాలుగేళ్ళ అత్తగారు హెలెన్ తన గదిలో జపమాల తిప్పుకుంటోంది. సగం ఆట అయ్యేసరికి మ్యూల్స్ ఇరవై పాయింట్లు వెనకబడ్డారు.

"బావా, ఏదో వాసనొస్తోంది," అన్నాడు డెన్నిస్.

"ఓడిపోతున్న వాసన. ఏటా వచ్చేదేగా," అన్నాడు నార్బర్ట్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అది మాంసం వాసన. వంటగదిలోంచి పొగ హాల్లోకి వచ్చి టీవీని కప్పేశాక గానీ ఆయనకి ఆ తేడా తెలియలేదు. గోడమీది అలారం గీపెట్టింది. ఎదురింటి గ్రెటా ఫైర్‌స్టేషన్‌కి ఫోన్ చేసేసింది. చర్చి నుంచి ఐరీన్ తిరిగొచ్చేసరికి ఇంటి ముందు ఎర్ర బండి నిలబడి ఉంది. ఆరడుగుల కుర్ర ఫైర్‌మన్ ఒకడు ఆవిడ తల్లిని చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు.

పొగే తప్ప మంట లేదని తేల్చి, ఫైరింజన్ కెప్టెన్ రూనీ అందర్నీ లోపలికి వెళ్ళమన్నాడు.

"ఇంతకీ మాంసం మాడ్చిందెవరు?"

"నేనేనండి," అన్నాడు నార్బర్ట్, ఒంటిమీద పూల ఏప్రన్‌తో, కాళ్ళకి ఇంటి చెప్పులతో.

"మీరుండండి."

ఇంటి ముందు పచ్చిక మీద ఆ ఉండటం, ఆటలో ఆఖరి పావు భాగమైన నాలుగో క్వార్టర్ మొత్తం పట్టింది. పొయ్యి మీద వంట వదిలేసి వెళ్ళకూడదని కెప్టెన్ మొదలుపెట్టి, అలారంలో బ్యాటరీలు మార్చడం దాకా వచ్చి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేటప్పుడు లోపల్నుంచి కేకలు వినిపించాయి. అవి ఏడుపు కేకలు కావు. మ్యూల్స్ ఇరవై పాయింట్లూ పూడ్చుకుని గెలిచేశారు. నార్బర్ట్ లోపలికి పరిగెత్తేసరికి టీవీలో టూత్‌పేస్టు ప్రకటన వస్తోంది.

మరుసటి ఆదివారం ఆయన బుద్ధిగా గంట మోగే గడియారం పెట్టుకుని మరీ వండాడు. మాంసం బంగారు రంగులో వచ్చింది. మ్యూల్స్ పదిహేడు పాయింట్లు వెనకబడ్డారు. డెన్నిస్ ఆటని వదిలేసి ఓవెన్ వంక అదోలా చూడటం మొదలుపెట్టాడు.

"బావా, ఆ మాంసం మళ్ళీ లోపల పెట్టి మంట పెంచు."

"నీకేమైనా పిచ్చా?"

"పోయిన వారం మాడింది, గెలిచాం. ఈ వారం మాడలేదు, చూడు ఏమవుతోందో. పెంచు బావా, నీకు దణ్ణం పెడతాను."

చదువుకున్నవాడు, ఉద్యోగస్తుడు, యాభై ఎనిమిదేళ్ళవాడు నార్బర్ట్. ఆ మూడూ ఆ నిమిషంలో అక్కరకి రాలేదు. లేచి మంట పెంచాడు. పొగ, అలారం, గ్రెటా, ఎర్ర బండి, చేతుల మీద అత్తగారు, పచ్చిక మీద ఉపన్యాసం అన్నీ వరసగా జరిగాయి. మ్యూల్స్ మళ్ళీ గెలిచారు. నార్బర్ట్ మళ్ళీ చూడలేదు.

అక్కణ్ణుంచి అది ఆచారమైపోయింది. పంది మాంసమే మాడాలి. నార్బర్ట్ ఒంటిమీద ఆ ఏప్రనే, కాళ్ళకి ఆ చెప్పులే ఉండాలి. నాలుగో క్వార్టర్ అంతా రూనీయే ఆయన్ని మందలించాలి. ఈ సీజన్‌లో మ్యూల్స్ మూడుసార్లు ఓడిన మాట నిజమే, కాని ప్రతిదానికీ మా దగ్గర సమాధానం ఉంది. ఒకసారి కొట్లో పంది మాంసం దొరక్క గొడ్డు మాంసం మాడ్చారు. ఒకసారి చలికి ఆగలేక నార్బర్ట్ బూట్లు వేసుకున్నాడు. ఇంకోసారి రూనీ సెలవు పెడితే ఎవడో కొత్త కెప్టెన్ వచ్చి రెండు ముక్కల్లో మందలించి వెళ్ళిపోయాడు.

ఐరీన్ మొదట్లో పళ్ళు నూరింది. "నా వంటగది గోడలు చూశావా నార్బ్? బొగ్గుల కొట్టులా ఉంది!" అని, ఆపైన మూడు వారాలు మాట్లాడలేదు. జట్టు ఆరు ఆటలు గెలిచాక తనే పెయింటర్‌ని పిలిచి, పొగ కనబడని రంగు ఏదైనా వెయ్యమంది.

అసలు కొంప ముంచింది డెన్నిస్ నోరు. రేడియోలో ఫుట్‌బాల్ కబుర్లు చెప్పే కార్యక్రమానికి ఫోన్ చేసి, గెలుపు రహస్యం తన బావగారి ఓవెన్‌లో ఉందని చెప్పేశాడు. ఆ తర్వాతి ఆదివారానికి ఊళ్ళో నలభై మూడు ఇళ్ళలో మాంసం మాడింది. ఊరికి ఉన్నవి నాలుగే ఫైరింజన్లు. సోమవారం పొద్దున్నే మేయరు గారు టీవీలో కనిపించి, ఎంతో గంభీరంగా, "నగరానికి ఒక్క పొగ చాలు. అది పావ్లక్ గారింట్లోనే రావాలి. మిగతావాళ్ళు దయచేసి ఓవెన్లు ఆపుకోండి," అని విజ్ఞప్తి చేశారు. ఇంత తెలివితక్కువ ప్రకటనని మా ఊళ్ళో ఒక్కరూ తెలివితక్కువది అనలేదు.

దాంతో ఊరి బరువంతా నార్బర్ట్ నెత్తిన పడింది. మీటరు చూడటానికి ఏ ఇంటికి వెళ్ళినా, "ఆదివారానికి అంతా సిద్ధమేనా?" అని అడగనివాళ్ళు లేరు. ఆఫీసులో పైఅధికారి శుక్రవారం మధ్యాహ్నాలు సెలవిచ్చి మాంసం కొనుక్కోమన్నాడు. నవంబరులో నార్బర్ట్‌కి జ్వరం తగిలితే, వీధివాళ్ళు దుప్పట్లూ వేడి సూపూ పట్టుకొచ్చి, ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి మంచులో కూర్చోబెట్టారు.

"ఒక్కసారి లోపల కూర్చుని చూస్తానర్రా," అని బతిమాలాడాయన.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు లోపల కూర్చున్నావుగా బావా, ఏం ఒరిగింది?" అన్నాడు డెన్నిస్.

ఓడిపోయిన ఆటలన్నీ కళ్ళప్పగించి చూసిన మనిషి, గెలుస్తున్న ఏడాది ఒక్కటంటే ఒక్కటి చూడలేకపోయాడు. రాత్రి పడుకున్నప్పుడు ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి నిజంగానే ఏడుపొచ్చేది. ఆ వెంటనే, ఒకవేళ నిజంగా తన దిష్టే జట్టుకి ఇన్నేళ్ళూ తగిలిందేమోనని అనుమానం వచ్చేది. ఆ అనుమానం ఏడుపు కన్నా బరువుగా ఉండేది.

పచ్చిక మీద ఆయనకి తోడు రూనీ ఒక్కడే. ఆరో వారానికి కెప్టెన్ దగ్గర మందలింపులు అయిపోయాయి. ఆ తర్వాత మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు. తర్వాత రెండో భార్య గురించి చెప్పాడు. డిసెంబరుకి వచ్చేసరికి నార్బర్టే ఆయనకి నీళ్ళ మీటర్ల గురించి ఉపన్యాసమిస్తున్నాడు.

జనవరిలో సెమీఫైనల్. గెలిస్తే మా ఊరి చరిత్రలో మొదటిసారి ఫైనల్. ఆట వేరే ఊళ్ళో, మూడింటికి. నార్బర్ట్ వేళకి మాంసం మాడ్చాడు. పొగ వచ్చింది, బండి వచ్చింది, అత్తగారు ఆ కుర్ర ఫైర్‌మన్ మెడ చుట్టూ చేతులు వేసి హాయిగా కిందకి దిగింది. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి అందరూ లోపల, ఈ ఇద్దరూ బయట. మంచు సన్నగా కురుస్తోంది.

"పావ్లక్ గారూ, మీకొకటి చెప్పనా?" అన్నాడు రూనీ. "నేను కూడా ఈ సీజన్‌లో ఒక్క గెలుపూ చూడలేదు. వినే శిక్ష మీకైతే, వాగే శిక్ష నాకు. ఇలా బండి వెనక్కి రండి. నా దగ్గర ఫోనుంది."

"వద్దు కెప్టెన్ గారూ. ఊరు నన్ను చంపేస్తుంది."

"నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. పోనీ మీకుందనే అనుకుందాం. ఫోన్లో ఆట టీవీ కన్నా అర నిమిషం వెనక వస్తుంది. మీరు చూసేసరికే అయిపోయి ఉంటుంది. అయిపోయినదాన్ని మీ దిష్టి ఏం చేస్తుంది?"

న్యాయంగానే తోచింది. ఇద్దరూ బండి వెనక బంపర్ మీద కూర్చున్నారు. రూనీ ఫోన్ తెరిచీ తెరవగానే వీధిలోని ఇళ్ళన్నీ ఒక్కసారి "అయ్యో!" అన్నాయి. అర నిమిషం తర్వాత ఫోన్లో, మ్యూల్స్ ఆటగాడి చేతిలోంచి బంతి సబ్బు ముక్కలా జారిపోవడం కనిపించింది.

నార్బర్ట్ ఫోన్ లాక్కుని బోర్లా తిప్పేశాడు. "చూశారా? నేను చెప్పలేదూ? నాది పాడు మొహం!"

"బంతి జారింది వాడి చేతిలోంచి."

"ఎందుకు జారిందంటారు?"

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఇద్దరూ చేతులు నలుపుకుంటూ ఇళ్ళ చప్పుళ్ళే విన్నారు. కేకలు, మూలుగులు, మళ్ళీ కేకలు. చివరికి డెన్నిస్ కిటికీ తెరిచి, "రెండు పాయింట్లు వెనకున్నాం! మూడు సెకన్లే ఉన్నాయి! యాభై రెండు గజాల కిక్! కర్రల మధ్య పడితే మూడు పాయింట్లు, ఫైనల్! బావా, కదలకు!" అని అరిచి కిటికీ మూసేశాడు.

నార్బర్ట్ కదల్లేదు. వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఏ ఇంట్లోంచీ ఒక్క కేక లేదు.

"పోయింది," అన్నాడు రూనీ, టోపీ తీసేసి. "పడుంటే ఈపాటికి పైకప్పులు లేచిపోయేవి."

నార్బర్ట్ బోర్లా ఉన్న ఫోన్ తిప్పాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఎలాగూ పోయిందిగా, ఇక నా దిష్టి చేసేదేముంది? ఓడిపోవడం చూడటం నాకు అలవాటే. ఈ సీజన్‌కి కనీసం అదైనా చూడనివ్వండి."

అర నిమిషం వెనకబడిన ఫోన్లో కిక్ ఇంకా కొట్టలేదు. ఒక బక్కపలచని కుర్రాడు మూడడుగులు వేసి తన్నాడు. బంతి లేచింది, గాలికి పక్కకి వాలింది, మళ్ళీ మనసు మార్చుకున్నట్టు తిరిగింది, పసుపుపచ్చ కర్రల మధ్యనుంచి దూరిపోయింది.

ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. కెప్టెన్ కళ్ళ వెంట నీళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కోరిక అరచేతిలోని గాజు పలక మీద తీరింది. వీధి ఇంకా శ్మశానంలాగే ఉంది. ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంట్లోకి పరిగెత్తాడు.

హాల్లో టీవీ నోరు నొక్కేసి ఉంది. సోఫా ఖాళీ. ఐరీన్ మెట్ల మీద కూర్చుని గౌను కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని జపమాల తిప్పుతోంది. డెన్నిస్ బాత్‌రూమ్‌లో తొట్టిలో పడుకుని చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

"ఏమైంది? పడిందా?" అంది ఐరీన్ తల ఎత్తకుండా.

"మీరెవరూ చూడలేదా?"

"కిక్ నేను చూస్తే పడదు నార్బ్. ఇరవై ఏళ్ళుగా చూడను. ఆ టైములో టీవీకి గొంతు కూడా ఉండకూడదు."

"నేను తొట్టిలో ఉంటేనే పడుతుంది," అని లోపల్నుంచి డెన్నిస్. "నీకేమైనా తెలుసా బావా?"

వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే తంతని నార్బర్ట్‌కి అప్పుడర్థమైంది. మ్యూల్స్ చరిత్రలోకెల్లా గొప్ప కిక్‌ని ఈ వీధిలో చూసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకడు, చూస్తే ఓడిపోతామని ఊరంతా కలిసి బయట నిలబెట్టినవాడు. నాలుక చివర దాకా వచ్చింది మాట. ఆయన దాన్ని గుటుక్కున మింగేశాడు.

"నేను బయట ఉన్నాను కదర్రా. నాకేం తెలుస్తుంది?"

డెన్నిస్ తలుపు సందులోంచి టీవీ వంక ఒంటికన్నుతో చూసి, స్కోరు చదివి, ఇల్లెగిరిపోయేలా గావుకేక పెట్టాడు. దాంతో వీధంతా ఒక్కో ఇల్లూ కళ్ళు తెరిచింది. అత్తగారు లేచి చిందులేసింది.

"చూశావా బావా! నువ్వు లోపల ఉండుంటే కచ్చితంగా ఓడిపోయేవాళ్ళం!"

"కచ్చితంగా," అన్నాడు నార్బర్ట్.

"అమ్మో, రీప్లే వేస్తున్నాడు! చూడకు, ఇంకా ఫైనల్ ఉంది, పో బయటికి!" అని డెన్నిస్ ఆయన్ని గెంటి తలుపేశాడు.

నార్బర్ట్ మారు మాట్లాడకుండా వచ్చి బంపర్ మీద కూర్చున్నాడు. దిష్టీ లేదు, పాడూ లేదని ఈ భూమ్మీద సాక్ష్యంతో సహా తెలిసినవాళ్ళు తనూ రూనీ ఇద్దరే. ఆ జ్ఞానాన్ని కాసేపు ఆస్వాదించాడు.

"కెప్టెన్ గారూ, ఫైనల్‌కి కూడా మనం ఇక్కడే కూర్చోవాలి. మీరు కుడివైపు, నేను ఎడమవైపు. కిక్ టైముకి మీరు టోపీ తియ్యాలి. ఆ ఫోన్ మాత్రం మార్చకండి."

ఇలాంటివాటి మీద నమ్మకం లేని రూనీ, ఫోన్‌ని ఏ జేబులోంచి తీశాడో కాసేపు జ్ఞాపకం చేసుకుని, ఆ జేబులోనే పెట్టుకున్నాడు.