నల్లా గారి మరణవార్త

మానవులు మూడు రకాలు: ఇంగ్లీషు రాయగలవారు, రాయలేనివారు, రాయలేకపోయినా నేర్పగలవారు. భూగోళాన్ని తిప్పుతున్నది ఈ మూడోరకమేనని చిక్కడపల్లి చౌరస్తాలో నిలబడి ప్రమాణం చేయగలను!

నాకు ఇంగ్లీషు రాదు. మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. మా పంతులు తెలుగులో అర్జీ రాసి గాలిలోకి వదిలితే వాన పడేది. ఒకసారి వాక్యం చివర చుక్క పెట్టడం మరిచిపోయాడు. పదకొండు రోజులు వాన ఆగలేదు! నమ్మకపోతే మీ ఇష్టం. నేను తడిసినవాణ్ణి.

తొంభై ఆరు ఎండాకాలంలో అశోక్ నగర్‌లోని మా గల్లీ నల్లా, అదే నీళ్ల కుళాయి, బందయింది. గల్లీ మొత్తానికి అదొక్కటే. అందరికంటే ముందు ఎండిపోయింది కిష్టమ్మ. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే నలభై మందికి ఆమె మెస్సులోనే రెండు పూటలా తిండి. రాంనగర్ నుంచి బిందెలు మోసి మోసి ఆమె నడుం పడిపోయింది.

"ఇంకో పదిహేను రోజులు సూస్త పెద్దబాపూ. నీళ్లు రాకుంటె మెస్సుకు తాళమేసి ఊరికి పోత," అంది నాతో.

"అర్జీ నేను రాస్తా," అన్నాను. కాగితం మడిచి మార్జిన్ కూడా పెట్టాను. అంతలో మేడమీంచి జగన్నాథరావు దిగాడు.

ఈయన మా గల్లీలో 'ఇంటర్నేషనల్ ఇంగ్లిష్ రైటింగ్ స్కిల్స్ ఇంప్రూవ్‌మెంట్ సెంటర్' నడుపుతాడు. బోర్డు మా గల్లీ కంటే పొడుగు. చివరి నాలుగక్షరాలు పక్క గల్లీకి వెళ్లి చదువుకోవాలి.

"తెలుగులో రాస్తే చెత్తబుట్టలో వేస్తారండీ! ఇంగ్లీషులో రాస్తే కనీసం ఫైల్లో పెడతారు," అని నా కాగితం లాక్కున్నాడు. "చెప్పమ్మా, నీ సమస్య ఏమిటి?"

"ఏం జెప్పాలె సారూ? మా నల్లా పోయింది."

ఆ 'పోయింది' దగ్గరే కొంప మునిగింది! జగన్నాథరావు కళ్లు మూసుకున్నాడు. పోవడానికి ఆయన దగ్గర పద్దెనిమిది ఇంగ్లీషు మాటలున్నాయట. అందులో మిక్కిలి గౌరవమైనది బయటికి తీశాడు: ఎక్స్‌పైర్!

"మరి నల్లాను ఇంగ్లిష్ల ఏమంటరు సారూ?"

"నీళ్ల బిల్లు మీద ఆఫీసువాళ్లే ఇంగ్లీషు అక్షరాల్లో నల్లా అని అచ్చేశారు. ప్రభుత్వం పెట్టిన పేరు మార్చడానికి మనమెవరం?"

రెండు పేజీల ఆ ఉత్తరంలో ఉన్నది ఇదీ: 'మా గల్లీకి ఒక్కగానొక్క నల్లా గత సోమవారం ఎక్స్‌పైర్ అయ్యెను. నలభై మంది పిల్లలు ఆకలితో అలమటించుచున్నారు. తగు చర్య తీసుకొన ప్రార్థన.'

వారం తిరక్కుండా జవాబు! అదీ ఇంగ్లీషులో! జగన్నాథరావు దాన్ని క్లాసులో నిలబడి పైకి చదివాడు.

"ఆహా! ఎంత కండగల వాక్యం! రాసినవాడెవడో గొప్ప గురువు దగ్గర చదివాడండీ!"

"సంగతేంది సారూ?" అంది కిష్టమ్మ.

ఆయన గొంతు తగ్గించి తెలుగు చేశాడు: "'శ్రీ నల్లా గారి అకాల మరణానికి చింతిస్తున్నాము. నలభై మంది సంతానాన్ని విడిచి వెళ్లిన ఆ మహనీయుని ఆత్మకు శాంతి కలుగుగాక. మరణ ధ్రువపత్రం, వారసుల జాబితా జతపరచవలెను.'"

"ఓయమ్మ! సచ్చేది నల్లా గాదు సారూ, నేను!"

"కంగారుపడకమ్మా. ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. అభివృద్ధి అంటే ఇదే!" అంటూ ఆయన వారసుల జాబితాకు కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తి నన్నడిగాడు: "ఉప్పలయ్య గారూ, బిందె స్త్రీలింగమేనా?"

ఇక లాభం లేదని కిష్టమ్మను వెంటబెట్టుకుని నారాయణగూడ అవతల ఉన్న నీళ్ల ఆఫీసుకు నడిచాను. అక్కడ ప్రహ్లాద్ అనే గుమాస్తా కూర్చున్నాడు. బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచి ఉంది: 'సర్వ సందర్భాలకూ మూడువందల ఇంగ్లీషు ఉత్తరాలు, రచన జగన్నాథరావు'. తెరిచిన పేజీ మీద తెలుగులో శీర్షిక: నలభై ఒకటో ఉత్తరం, సంతాపం. మొన్న జగన్నాథరావు మెచ్చుకున్న కండ జగన్నాథరావుదే!

"అశోక్ నగర్ల మా గల్లీ నల్లా వస్తలేదు బిడ్డా," అంది కిష్టమ్మ.

ప్రహ్లాద్ ఎగిరి లేచాడు. "వస్తలేదా? గట్ల చెప్పాలె గదక్కా! మేము ఆఫీసుల రెండు నిమిషాలు మౌనం గూడ పాటించినం!"

మధ్యాహ్నానికల్లా వాల్వు తిప్పారు, నీళ్లొచ్చాయి. కిష్టమ్మ ముందు నల్లాకు దండం పెట్టి తర్వాత బిందె పెట్టింది.

జగన్నాథరావు మేడమీంచి అరిచాడు: "చూశారా ఇంగ్లీషు దెబ్బ!"

గల్లీ సంఘం ఆయనకు శాలువా కప్పింది. నేను ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నమ్మలేదు. పదకొండు రోజుల వాన సంగతి నమ్మినవాళ్లు కూడా నమ్మలేదు!

"ఇప్పుడు కృతజ్ఞతలు రాయాలి," అన్నాడాయన.

"వద్దు సారూ, నీ కాళ్లు మొక్కుత! నేను పొయి నోటితోని చెప్పొస్త."

"నోటితో కృతజ్ఞతలా? అనాగరికం!"

రాశాడు. 'మీ దయ వల్ల మా గల్లీ మొత్తం ఫ్లడ్ అయిపోయినది' అని. ఆనందం వరదలైందని ఆయన ఉద్దేశం. ఆనందం అన్న మాట మాత్రం కాగితం మీదికి రాలేదు.

మూడో పొద్దున నల్లా మళ్లీ బంద్! గోడకు నోటీసు: 'ఈ గల్లీలో వరద వచ్చినట్లు లిఖితపూర్వకంగా తెలిసినందున ప్రజల ప్రాణరక్షణార్థం వాల్వు మూసివేయడమైనది. నివాసులు ఎత్తయిన ప్రదేశమునకు తరలవలెను.'

తలెత్తి చూశాను. మా గల్లీలో ఎత్తయిన ప్రదేశం జగన్నాథరావు బోర్డే.

నేనూ కిష్టమ్మా ఆఫీసుకు వెళ్లేసరికి ఆయన మాకంటే ముందే అక్కడున్నాడు! గడ్డం సగం గీసి ఉంది, మిగతా సగం మీద సబ్బు ఎండి పెచ్చులూడుతోంది. మేం తలుపు వెనక నిలబడ్డాం.

ప్రహ్లాద్ చేతులు కట్టుకుని లేచాడు. "గుడ్ మార్నింగ్ సర్! మీ ముందర నేను తెలుగు మాట్లాడుతనా సర్? ఏదున్నా రాసియ్యుండ్రి," అని కాగితం, కలం, ఆయన పుస్తకమూ ముందుకు జరిపాడు.

జగన్నాథరావు కలం పట్టాడు. రాయలేదు. మూడువందల ఉత్తరాల వైపు చూశాడు. అటూ ఇటూ చూశాడు. సబ్బు దురద పెట్టింది కాబోలు, ఒక్కసారిగా కలం విసిరేసి, అండీలూ గారులూ వదిలేసి, పుట్టిన ఊరి గొంతుతో అరిచాడు:

"నల్లా వస్తలేదురా నాయ్నా! పొద్దుగాల్నుంచి మొఖం గూడ కడగలే!"

ప్రహ్లాద్ హడలిపోయాడు. "జర మెల్లగ సర్! మీరిచ్చిన సర్టిఫికెట్ సూసే నాకు ప్రమోషన్ ఇచ్చిండ్రు. మీరిట్ల మాట్లాడ్తరని తెలిస్తె అది పోతది!"

పదినిమిషాల్లో వాల్వు తెరిచారు. చనిపోయిన నల్లా బతికినట్టు ఫైల్లో ఎలా రాయాలో తెలియక ప్రహ్లాద్ పుస్తకంలోని ఏడో ఉత్తరం చూసి రాశాడు: 'సెలవు ముగిసినందున శ్రీ నల్లా గారు ఈ ఉదయం విధుల్లో చేరారు.'

కిష్టమ్మ మెస్సు ఇప్పటికీ నడుస్తోంది. బోర్డు మాత్రం ఇంకో మూరెడు పెరిగింది. కొత్త ముక్క పక్క గల్లీలో పడింది కాబట్టి అక్కడికి వెళ్లి చదివించుకున్నాను:

'స్పోకెన్ తెలుగు కూడా నేర్పబడును. ఆఫీసు పనులకు గ్యారంటీ.'

మొదటి బ్యాచిలో ప్రహ్లాద్ చేరాడు.